ఎక్కేటప్పుడు తొక్కండి, దిగేటప్పుడు నడవండి

మా వీధి కీమేన్ తాత పోయాడు. గురువారం పొద్దున్న తన ఇంటి అరుగు మీద కూర్చుని టీ తాగాడట, గ్లాసు పక్కన పెట్టి గోడకి ఆనుకున్నాడట. ఎదురింటామె నీళ్ళ బిందెతో తిరిగి వచ్చేసరికి అలాగే ఆనుకుని ఉన్నాడు. కదిపితే కదల్లేదు.

నాకు ఫోన్ వచ్చేసరికి బళ్ళో పిల్లల హాజరు యాప్‌లో ఎక్కిస్తున్నాను. మా బడి దగ్గర సిగ్నల్ ఒక గీత వస్తుంది, అంతలోనే పోతుంది. "తాత ఎల్లిపోనాడు టీచరమ్మా" అంది అవతలి గొంతు. "అలాగా" అన్నాను. ఫోన్ పెట్టేసి మిగిలిన పధ్నాలుగు మంది హాజరూ ఎక్కించాను. అప్పుడు కుర్చీలో కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఈ మధ్య నాకు ఏడవడానికి కూడా ఓపిక ఉండడం లేదు. గొప్పకి చెప్పడం లేదు. ఈ అలసట సంగతి ముందే చెప్పకపోతే తర్వాత చెప్పబోయేది మీకు అర్థం కాదు.

శీతాకాలంలో వలిసె పూలు చూడ్డానికి మీరెప్పుడైనా అరకు వచ్చి ఉంటే, ఆదివారం పొద్దున్న మా దారిన కారులో వెళ్ళి ఉంటే, ఆయన్ని చూసే ఉంటారు. రోడ్డుకి ఎడమ పక్కన ఏడెనిమిది మంది పిల్లలు ఒకరి వెనక ఒకరు సైకిళ్ళ మీద, ముందు లేడీస్ సైకిల్ మీద నేను, అందరికన్నా వెనక పాత రైల్వే కోటు వేసుకుని నడిచి వస్తున్న ఒక ముసలాయన. మీరు హారన్ కొట్టి ఉంటారు. ఆయన తిరిగి చూసి ఉండడు. చెయ్యి మాత్రం పక్కకి చాచి, నెమ్మది, నెమ్మది అన్నట్టు కిందకి ఊపి ఉంటాడు.

కీమేన్ అంటే రైలు పట్టాల వెంట రోజూ నడిచే మనిషి. పట్టాని బిగించి ఉంచే కీలు ఎక్కడ వదులయ్యాయో చూసుకుంటూ, సుత్తితో కొట్టి బిగించుకుంటూ పోవాలి. పొద్దున్న అటు, మధ్యాహ్నం ఇటు. మా కొండల మీది లైనులో సొరంగాలూ వంతెనలూ ఉన్నాయి, వాన పడితే విరిగిపడే గట్లు ఉన్నాయి. కొయ్యూరు అవతల ఒక అడవి ఊళ్ళో పుట్టిన ఆయన ముప్పై ఏళ్ళకి పైగా ఆ పని చేసి, రిటైరయ్యాక మా వీధిలో రెండు గదుల ఇల్లు వేసుకున్నాడు. భార్య అప్పటికే పోయింది. పిల్లలు లేరు. నడిచి నడిచి ఆయన అడుగు ఒకే కొలతకి వచ్చేసింది. మామూలు రోడ్డు మీద కూడా పట్టాల కింది స్లీపరు నుంచి స్లీపరుకి వేసినట్టే పొట్టి అడుగులు వేసేవాడు. మా పిల్లలు వెనకాల ఆ నడకని అనుకరించి నవ్వుకునేవాళ్ళు. ఆయనకి తెలుసు. ఒక్కోసారి కావాలనే ఇంకా పొట్టిగా వేసేవాడు.

మాది సాలూరు దగ్గర పల్లపు ఊరు. ఉద్యోగం రాగానే ఈ కొండ మీద పడ్డాను. నేను వచ్చిన ఏడాదే మా వీధిలో సైకిళ్ళు ఎక్కువయ్యాయి. సంతకి సెకండ్ హ్యాండ్ సైకిళ్ళు వ్యాన్‌లో తెచ్చి అమ్మేవాడొకడు మొదలుపెట్టాడు. ఎవరింట్లో చూసినా చిన్నదో పెద్దదో ఒక సైకిలు. పిల్లలకి తొక్కడానికి వీధి చాలదు. మెయిన్ రోడ్డు ఎక్కేసేవాళ్ళు. ఒకరోజు వైజాగ్ నుంచి వచ్చిన కారొకటి ఒక పిల్లాడి హ్యాండిల్‌ని రాసుకుంటూ పోయింది. పిల్లాడికి ఏమీ కాలేదు. ఆ సాయంత్రం వీధంతా అరుపులు, ఏడుపులు, సైకిళ్ళకి తాళాలు.

మర్నాడు తాత మా బడికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, "తాళాలేసినంత మాత్రాన మానేత్తారేటి టీచరమ్మా? దొంగతనంగా తొక్కుతారు. అప్పుడు సూసీవోడుండడు. మనవే ఆదివారం ఆదివారం తీసుకెల్తే పోలేదేటి?" అన్నాడు.

"మనమే అంటే?"

"ఆరుగురు దాటితే ఇద్దరు పెద్దోల్లుండాల. ముందొకలు, ఎనకొకలు. నాను ఎనక."

ఆదివారం నాకు వారానికి ఉన్న ఒకే ఒక్క రోజు. బట్టలు ఉతుక్కోవాలి, నిద్రపోవాలి. కాదనలేక సరే అన్నాను. ఎందుకు సరే అన్నానో కూడా నాకు సరిగ్గా తెలియదు. ఆయన అడిగిన తీరులో మొహమాట పెట్టడం లేదు. డ్యూటీ చార్టు చదివి వినిపించినట్టు ఉంది, అంతే.

ఆయనకి సైకిలు తొక్కడం రాదని మొదటి ఆదివారం దాకా నాకు తెలియదు. పిల్లలకీ తెలియదు. బయలుదేరే ముందు, "తాతా, నీ సైకిలేదీ?" అని అడిగారు.

"నాకు రాదు. నాను నడుత్తాను."

"మరి మేవు తొక్కితే నువ్వెలాగ అందుకుంటావు?"

"నాను అందుకోగలిగినంతే తొక్కండి."

పిల్లలు గోల పెట్టారు. ఆయన చలించలేదు. పైగా అందరికన్నా నెమ్మదిగా తొక్కే పిల్లని తీసుకొచ్చి నా వెనక మొదటి స్థానంలో పెట్టాడు. "ఈ గుంటే ఇంజను. ఇంజన్ని దాటి డబ్బా ఎల్లదు" అన్నాడు. వేగంగా తొక్కేవాళ్ళందరూ ఆ పిల్ల వెనక బ్రేకులు పట్టుకుని పళ్ళు నూరుకుంటూ వచ్చారు. ఆ పిల్ల మాత్రం జన్మలో మొదటిసారి అందరికంటే ముందుంది. మెడ నిక్కించుకుని తొక్కింది.

బయలుదేరడానికి ముందు పెద్ద తతంగం ఉండేది. ఏడింటికల్లా సైకిళ్ళన్నీ ఆయన ఇంటి గోడకి ఆనించాలి. చిన్న స్పానరు పట్టుకుని ఒక్కొక్క నట్టునీ, చక్రాల్లో ఒక్కొక్క పుల్లనీ తట్టి చెవి పెట్టేవాడు. బిగుతుగా ఉన్నదాని చప్పుడు వేరట, వదులుదాని చప్పుడు వేరట. నాకు రెండూ ఒకేలా వినిపించేవి. తర్వాత బ్రేకు పట్టుకోమని వెనక నుంచి తోసేవాడు. టైరు జారితే ఆ సైకిలు ఆ వారం ఇంటికే. ఆడపిల్లల చున్నీలు నడుముకి ముడి వేయించేవాడు. వదులు ప్యాంట్ల అంచులకి రబ్బరు బ్యాండ్లు. హవాయి చెప్పులైతే మడమ వెనక నుంచి పురికొస కట్టేవాడు. హెల్మెట్లు ఎన్నుంటే అంతమందే. మొదట్లో నాలుగే ఉండేవి కాబట్టి వంతులు వేసుకుని వచ్చేవాళ్ళు. తర్వాత ఎనిమిది అయ్యాయి.

అన్నీ అయ్యాక నా వైపు తిరిగేవాడు. "అలిసిపోయావేటి టీచరమ్మా?"

ప్రతి ఆదివారం అదే ప్రశ్న. మొదట్లో పలకరింపు అనుకున్నాను. తర్వాత ఒకరోజు ఆయనే చెప్పాడు. ఒళ్ళు బాగోకపోయినా, నిద్ర చాలకపోయినా పట్టాల మీదకి దిగకూడదట. దిగితే కాళ్ళు నడుస్తాయి కానీ కళ్ళు చూడవట. ఇద్దరు సావాసగాళ్ళు అలా పోవడం ఆయన చూశాడు. "అలిసిపోతే సెప్పీ. సిగ్గేటీ లేదు. అలిసిపోయినోల సేతికి పిల్లల్ని ఒప్పసెప్పకూడదు" అన్నాడు.

ఆయనకి ఒంట్లో బాగోలేని ఆదివారం గుమ్మంలోనే నిలబడి, "ఈరోజు బండి కేన్సిలు" అని చెప్పేసేవాడు. పిల్లలు బతిమాలినా, ఏడ్చినా కేన్సిలే. నాకా ఆదివారాలు ఎంత ఇష్టమో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. హాయిగా పదింటి వరకూ పడుకునేదాన్ని. ఆయన నన్ను అడిగినప్పుడు మాత్రం "లేదు తాతా" అనే చెప్పేదాన్ని. డెబ్భై దగ్గర పడుతున్న మనిషి నడుస్తుంటే, ముప్పై ఏళ్ళు నిండని దాన్ని నేను అలిసిపోయానని ఎలా చెప్పను?

మేం వెళ్ళే దారి గురించి చెప్పాలి. మా వీధి దాటి, చర్చి దాటి, కాఫీ తోటల పక్కనుంచి ఎక్కుడు. తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి ఉంటాయి. ఎక్కుడు చివర మిట్ట. మిట్ట దాటి ఇంకొంచెం వెళితే వాగు. వాగు దగ్గర కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్నది తిని, వెనక్కి. వెనక్కి వచ్చేటప్పుడు మిట్ట మీది నుంచి మా వీధి పెంకులూ రేకులూ కనిపిస్తాయి. అక్కడి నుంచి ఒకటే దిగుడు, సగంలో వంపు, వంపులో కల్వర్టు.

అక్కడ ఆయన సూత్రం లోకానికి తలకిందులుగా ఉండేది. ఎక్కుడు ఎంత కష్టమైనా తొక్కండి, ఆయాసం వస్తే ఆగండి, మళ్ళీ తొక్కండి. దిగుడు మాత్రం ఎవ్వరూ తొక్కకూడదు. సైకిలు దిగి, ఎడమ పక్కన నడిపించుకుంటూ ఒక్కొక్కరే కిందకి రావాలి. ముందు ఆయన వంపు దగ్గరికి దిగి వెళ్ళి, కింద నుంచి బండ్లు రావడం లేదని చూసి ఈల వేసేవాడు. పైన నేను ఒక పిల్లని పంపాలి. ఆ పిల్ల వంపు దాటాక మళ్ళీ ఈల. ఎనిమిది మందిని దింపడానికి అరగంట పట్టేది. చెమటలు కక్కుతూ ఎక్కిన పిల్లలకి హాయిగా జారిపోవలసిన చోట నడవమంటే ఎంత మంటగా ఉంటుందో ఆలోచించండి. నాకే మంటగా ఉండేది.

"ఎక్కేటప్పుడు తొక్కండి, దిగేటప్పుడు నడవండి" అని పాట పాడినట్టు అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు. "ఇల్లు అవుపించాకే జాగర్త."

ఇక చెప్పవలసింది చెప్తాను. ఇంతసేపూ సైకిళ్ళ గురించీ చున్నీల గురించీ చెబుతూ దాని చుట్టూ తిరుగుతున్నానని నాకు తెలుసు.

మూడేళ్ళ కిందట డిసెంబరులో ఒక ఆదివారం. ఆ వారమంతా ట్రైనింగు. పొద్దున్నే జీపు పట్టుకుని వెళ్ళడం, సాయంత్రం రావడం, వచ్చాక బడి తాలూకు యాప్‌లు. శనివారం నాటికి కళ్ళు మండుతున్నాయి. తాత సైకిళ్ళన్నీ చూసి నా వైపు తిరిగి, "అలిసిపోయావేటి టీచరమ్మా? మొకం అలగుంది" అన్నాడు.

"లేదు తాతా" అన్నాను.

ఆయన ఇంకొక్క క్షణం చూశాడు. నేను సైకిలెక్కేశాను.

వెళ్ళడం బాగానే వెళ్ళాం. తిరిగి వచ్చి మిట్ట మీద ఆగాం. ఆయన వంపు దగ్గరికి దిగాడు. ఒక ఈల, ఒక పిల్ల. నలుగురు దిగారు. ఇంకా నలుగురున్నారు. నాకు నిలబడే ఓపిక లేక సైకిలు సీటుకి ఆనుకున్నాను. ఐదో పిల్ల, అప్పుడు మా బళ్ళో నాలుగో తరగతి, నా పక్కకి వచ్చింది. "టీచర్, కాళ్ళు లాగుతున్నాయి. రోడ్డు ఖాళీయే గదా. ఒక్కసారి తొక్కి దిగిపోతాను" అంది.

"సరే, బేగి పో" అన్నాను.

అంతే అన్నాను. ఆలోచించలేదు. ఆ పిల్ల మాట వింటున్నానే కానీ దాని అర్థం లోపలికి వెళ్ళలేదు. త్వరగా అయిపోతే చాలు, ఇంటికి వెళ్ళి పడుకోవాలి, అదొక్కటే తలలో ఉంది. పిల్ల సైకిలెక్కి ఇరవై గజాలు వెళ్ళాక నాకు తెలివి వచ్చింది. అప్పటికి కేక వేసినా లాభం లేదు. వంపులో గులకరాళ్ళ మీద ముందు చక్రం పక్కకి తిరిగింది. పిల్ల కల్వర్టు గోడకి తగిలి అవతల పడింది.

హెల్మెట్ ఉంది కాబట్టి తలకి ఏమీ కాలేదు. కుడి మోచెయ్యి విరిగింది. తాత ఆ పిల్లని ఒళ్ళో పెట్టుకుని, ఆ చెయ్యి కదలకుండా తన కోటుతో చుట్టి పట్టుకున్నాడు. వలిసె పూలు చూడ్డానికి వెళ్తున్న కారొకటి ఆగింది. వాళ్ళే ఇద్దరినీ ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మిగతా పిల్లల్ని ఇళ్ళకి చేర్చి నేను వెనకాల ఆటోలో వెళ్ళాను. నా చేతిలో ఆ పిల్ల చెప్పు ఒకటి ఉంది. పురికొస ఇంకా కట్టే ఉంది.

వాళ్ళమ్మ కాఫీ పళ్ళు కోస్తున్న తోట నుంచి నేరుగా వచ్చింది. వేళ్ళకి జిగురు కూడా కడుక్కోలేదు. "ఎలాగ పడిపోనాది? దిగుడు నడిపిత్తామని గదా సెప్పినావు?" అని తాతని పట్టుకుంది.

"తప్పు నాదమ్మా" అన్నాడాయన. "పిల్లలు నా మీదున్నారు. నాదే."

ఆ తల్లి ఆస్పత్రి వరండాలో అందరి ముందూ అన్న మాటలు నేను విన్నాను. ఇక్కడ ఒక్కటే రాస్తాను, ఎందుకంటే మిగిలిన కథంతా దాని మీదే ఉంది. "నీకొక పిల్లుంటే తెలిసును. లేనోడివి, నీకు పరాయి పిల్లల్తోటి ఆటలేటి?" అంది.

తాత తల వంచుకుని, "అవునమ్మా" అన్నాడు.

నేను నోరు తెరిచాను. నిజం, తెరిచాను. ఆయన నా వైపు చూసి, "టీచరమ్మా, గుంటకి తాగడానికి నీల్లు అట్టుకురా" అన్నాడు. నేను నీళ్ళకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి చెప్పవలసిన సమయం దాటిపోయినట్టు అనిపించింది. దాటలేదు, నాకే అలా అనిపించింది. అలా అనుకోవడం సుఖంగా ఉంది.

సాయంత్రం ఆయన అరుగు దగ్గరికి వెళ్ళాను. "నేనే పొమ్మన్నాను తాతా" అన్నాను.

"తెలుసు. పైనుంచి అదంతట అది రాదు."

"మరి నువ్వెందుకు..."

"నీది గవర్నమెంటు ఉజ్జోగం. బడి పిల్లని నువ్వే పడేసినావని కాయితం ఎల్తే ఏటవుద్ది? నన్నేటి సేత్తారు? పట్టాల మీంచి దింపేత్తారా? దిగిపోయినోన్నే గదా." నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

"నిజం చెప్పాలి కదా" అన్నాను.

"సెప్పాల. నాను వద్దనను. నీకు ఓపికొచ్చినప్పుడు సెప్పు."

మిగతా పిల్లలతో ఏం చెప్పాడో తర్వాత తెలిసింది. అబద్ధం చెప్పమనలేదు. "ఎవలైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు సెప్పండి" అన్నాడట. ఎవరూ అడగలేదు. పెద్దవాళ్ళందరికీ జవాబు అప్పటికే దొరికింది కదా, పిల్లల్ని అడగడం ఎందుకు?

ఆ తర్వాత పది నెలలు మా వీధిలో ఎవరూ పిల్లల్ని పంపలేదు. ఆదివారం ఏడింటికి ఆయన మాత్రం గోడ దగ్గర స్పానరుతో కూర్చునేవాడు. ఎనిమిది దాటాక లోపలికి వెళ్ళేవాడు. నేను మా కిటికీలోంచి చూసేదాన్ని. వానలు వెనకపట్టాక ఒక పిల్లాడు వచ్చాడు. వారం తర్వాత ఇద్దరు. మళ్ళీ ఆరుగురు దాటాక ఆయన మా ఇంటికి వచ్చి, "ముందొకలు కావాల" అన్నాడు. ఆ ఆదివారం సైకిళ్ళన్నీ చూసి నా వైపు తిరిగి, ఎప్పటిలాగే అడిగాడు. గొంతులో ఎత్తిపొడుపు లేదు, జాలి లేదు. "కొంచెం అలిసిపోయాను తాతా" అన్నాను. "అయితే వాగు దాకా వద్దు, మిట్ట వరకే" అన్నాడు.

ఆ పిల్లని మాత్రం తల్లి మళ్ళీ పంపలేదు. చెయ్యి అతికింది, బాగానే రాస్తుంది. మేం బయలుదేరే వేళకి వాళ్ళ పిట్టగోడ మీద కూర్చుని చూసేది. తాత చెయ్యి ఊపేవాడు. ఆ పిల్లా ఊపేది. లోపలి నుంచి తల్లి పిలిచేది.

నేను మూడేళ్ళు ఓపిక కోసం చూశాను. బదిలీ అయితే చెబుదాం అనుకున్నాను, బదిలీ కాలేదు. సెలవుల్లో చెబుదాం అనుకున్నాను. మనిషి అలసట చూపించి ఎన్ని వాయిదాలు వేయగలడో నన్ను చూస్తే తెలుస్తుంది. ఆయన ఒక్కసారి కూడా గుర్తు చెయ్యలేదు. ఎదురు చూశాడని నేను అనుకోను. నా కోసం మోస్తున్నానన్న ధ్యాసే ఆయనకి ఉండేది కాదేమో. చేసిన మేలు గుర్తు పెట్టుకునే మనిషి కాదు. నేను మాత్రం ఆయన రుణంలో ఉండి కూడా మర్చిపోయినట్టు తిరిగాను.

ఆయన తమ్ముడి కొడుకులు వచ్చి ఇక్కడే కొండ కింద పాతారు. పదకొండో రోజు వీధిలోనే భోజనాలు పెట్టారు. ఆ తల్లి కూడా వచ్చింది. వీధిలో ఎవరు పోయినా వస్తుంది, పని చేస్తుంది, అలాంటి మనిషే. భోజనాలయ్యాక కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది. పన్నెండేళ్ళ కూతురు నీళ్ళు పోస్తోంది. నేను వెళ్ళి పక్కన కూర్చుని ఒక గిన్నె అందుకున్నాను. తోముతూనే చెప్పాను. ఆ రోజు తాత కాదు, నేను. నేనే బేగి పొమ్మన్నాను. ఆయన నన్ను కాచాడు.

ముందు పిల్ల మాట్లాడింది. "నానే గదా అడిగినాను టీచర్" అంది. అప్పుడు తెలిసింది నాకు. ఈ మూడేళ్ళూ ఆ పిల్ల తప్పు తనదే అనుకుంటోంది. అడిగిన పాపానికి తాతని అమ్మ తిట్టిందని లోపల పెట్టుకుంది, అందుకే ఎవరికీ చెప్పలేదు. "నువ్వు అడగొచ్చమ్మా. చిన్నపిల్లవి. కాదనడం నా పని" అన్నాను. ఆ మాట అప్పుడే చెప్పి ఉండవలసింది.

తల్లి చేతిలో పీచు ఆగిపోయింది. నన్ను తిడుతుందని చూశాను. తిడితే బాగుండును.

"నువ్వు సెప్పీసుకున్నావు టీచరమ్మా. నీకు తేలికయిపోనాది" అంది నెమ్మదిగా. "నానేటి సెయ్యాల? పిల్లల్లేనోడివని అనీసినాను. అందరి ముందర అనీసినాను. ఇప్పుడు ఎవలికి సెప్పీది? ఎవలి కాల్లట్టుకునీది?"

గుండె బరువు దిగుతుందని చెప్పాను కానీ, దించి ఆమె నెత్తిన పెట్టాను. ఆయన బతికి ఉన్న మూడేళ్ళలో ఏ ఒక్క రోజు చెప్పినా, ఆమె వీధి దాటి వెళ్ళి ఆయన అరుగు మీద కూర్చుని ఉండేది. ఆయన టీ పెట్టి ఇచ్చేవాడు.

మా హెడ్మాస్టరు గారికి జరిగింది కాగితం మీద రాసిచ్చాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి, "ఇప్పుడెందుకమ్మా ఇది?" అన్నారు. పంపిస్తారో లేదో తెలియదు. పంపించినా నాకు అభ్యంతరం లేదు. ఈ వ్యాసం చదివే మా వీధివాళ్ళ కోసం మళ్ళీ ఒకసారి రాస్తున్నాను: కీమేన్ తాత చేతిలో ఏ పిల్లా పడలేదు.

మొన్న ఆదివారం నేను ఏడింటికి లేచి వెళ్ళాను. ఎవరైనా వస్తారని అనుకోలేదు. నలుగురు వచ్చారు. నాకు చప్పుడు తెలియకపోయినా నట్లు తట్టాను, బ్రేకులు తోసి చూశాను. అంతలో ఆ తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల చేతిలో పాత సైకిలు, టైర్లలో కొత్తగా గాలి. పిల్ల పొడుగైపోయింది, మోకాళ్ళు హ్యాండిల్‌కి తగులుతున్నాయి. తల్లి నన్ను దాటుకుని వెళ్ళింది. అందరికన్నా వెనక నిలబడింది.

మిట్ట వరకే వెళ్ళాం. వెనక్కి దిగేటప్పుడు నేను ముందుగా వంపు దగ్గరికి వెళ్ళి, బండ్లేవీ రావడం లేదని చూసి చెయ్యెత్తాను. పై నుంచి ఒక పిల్ల సైకిలు నడిపించుకుంటూ బయలుదేరింది. ఆమె కూడా బయలుదేరింది. పిల్లకీ రోడ్డుకీ మధ్య తను నడుస్తూ, చీర కొంగు విప్పి, రోడ్డు వైపు చెయ్యి బారుగా చాచి, వచ్చే కార్లకి కనిపించేలా పట్టుకుంది. వంపు దాటించింది. నా మొహం చూడకుండా మళ్ళీ పైకి ఎక్కింది. రెండో పిల్లాడితో దిగింది, మళ్ళీ ఎక్కింది. మూడోసారికి ఆయాసం నాకు వినిపించింది. "కాసేపు ఆగమ్మా" అన్నాను. ఆగలేదు. నాలుగోసారి దిగి, కల్వర్టు గోడ పట్టుకుని ఒక్క నిమిషం నిలబడి, మళ్ళీ ఎక్కింది.

ఆఖరున తన కూతురు. పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు. పిల్ల రెండు చేతులూ బ్రేకుల మీద పెట్టి సైకిలు దింపుకుని వస్తోంది. పక్కన తల్లి, ఒక చెయ్యి పిల్ల వీపు మీద, ఇంకో చెయ్యి రోడ్డు మీదకి చాచి. మంచుకి తడిసిన నీలం కొంగు గాలికి బరువుగా ఊగుతోంది. కింద నుంచి కారొకటి వచ్చి, హారన్ కొట్టకుండా ఆగింది.